పాత పటాన్ని ల్యామినేషన్ చేయిస్తే ఏమైతది? మ్యూజియం క్యూరేటర్ పని గురించి తెలుసుకుందాం

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడుతున్నా.

తిరుమలగిరిలో మా నానమ్మ పూజగదిలో ఒక పాత లక్ష్మీదేవి పటం ఉండేది. రవివర్మ బొమ్మ. అంచులు చినిగినయ్, కాగితం పసుపు రంగుకి తిరిగింది. నాకు సాఫ్ట్‌వేర్ జాబ్ వచ్చిన కొత్తలో నానమ్మని సర్‌ప్రైజ్ చేద్దామని దాన్ని ఫ్రేమ్‌లోంచి తీసి ల్యామినేషన్ చేయించా. ఆమె చేత్తో తడిమి చూసి, "ఇట్ల జారుతుందేంది బిడ్డా?" అన్నది. ఇంకేం అనలేదు. కొన్నాళ్లకి లోపల బుడగలు వచ్చినయ్. ఇప్పుడు ఆ ప్లాస్టిక్ పీకితే బొమ్మ కూడా దాంతోపాటే వస్తది.

ఇలాంటి కాగితాలను కాపాడటమే ఉద్యోగంగా చేసేవాళ్లు ఉంటారు. వాళ్లే మ్యూజియంలో పాత ప్రింట్లు, డ్రాయింగ్‌లు చూసుకునే క్యూరేటర్లు. వాళ్ల పనిని మూడు ముక్కల్లో చెప్తా.

మొదటిది, గుర్తుపట్టడం. మీ ఇంట్లో పాత పటం ఉంటే ఫోన్ కెమెరా బాగా దగ్గర పెట్టి చూడండి. చుక్కలు లెక్కగా, వరసగా ఉంటే అది ఆఫ్‌సెట్ ప్రింట్. ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటే రాతి అచ్చు, అంటే లితోగ్రాఫ్ అయ్యుండొచ్చు. రవివర్మ 1894లో ముంబైలో పెట్టిన ప్రెస్‌లో ఇదే పద్ధతి. ఒక్కో రంగుకి ఒక్కో రాయి.

ఇంకో పద్ధతి మనవాడిదే. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లోని అతెలియే 17 అనే స్టూడియోలో పనిచేశారు. ఒకే లోహపు పలక మీద చిక్కదనం తేడా ఉన్న రంగులు వేసి, అన్నీ ఒకేసారి అచ్చు పడేలా చేసే పద్ధతిని రూపొందించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన పనిని ఒక ఎగ్జిబిషన్‌లో చూపించింది. ఇలాంటి ప్రింట్ చేతికొస్తే, అది ఎలా తయారైందో కాగితం చూసి చదవగలగాలి. అది క్యూరేటర్ చదువు.

రెండోది, కాపాడటం. ఇక్కడ పెద్ద శత్రువు వెలుతురే. కాగితం మీది రంగుని ఛార్జర్ లేని ఫోన్ బ్యాటరీ అనుకోండి. వెలుతురు పడ్డప్పుడల్లా కొంచెం దిగుతది, మళ్లీ ఎక్కదు. అందుకే మ్యూజియంలో ఇలాంటి బొమ్మల దగ్గర సుమారు 50 లక్స్ వెలుతురే ఉంచుతారు. మనం బయట నిలబడితే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటది. మామూలుగా మూడు నాలుగు నెలలు చూపించి, మళ్లీ చాలా రోజులు యాసిడ్ లేని కాగితం మధ్య, చీకటి పెట్టెలో పెడతారు. చినిగితే టేపు వేయరు. గోధుమ పిండి గంజితో పల్చటి జపనీస్ కాగితం అతికిస్తారు. ఎందుకంటే రేపు అవసరమైతే తడిపి తీసేయొచ్చు. ఏ రిపేర్ చేసినా వెనక్కి తీసుకోగలగాలి. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే, అన్‌డూ ఉండాలి. నా ల్యామినేషన్‌కి అన్‌డూ లేదు.

మూడోది, ఏది ఉంచాలో నిర్ణయించడం. మన దగ్గర నుంచి జనగామ దాటి పోతే చేర్యాల వస్తది. అక్కడి నకాషీ పటాలు తెలుసు కదా? కథలు చెప్పేవాళ్లు వాటిని ఊరూరా తిప్పేవాళ్లు. పాడైతే కొత్తది రాయించుకుని, పాతదాన్ని నదిలో నిమజ్జనం చేసేవాళ్లు. అది వాళ్ల ఆచారం, తప్పేం లేదు. కానీ అందుకే పాతవి తక్కువ మిగిలినయ్. శాంతినికేతన్‌లో చదువుకుని హైదరాబాద్ వచ్చిన జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు అలాంటి పటాలు, దక్కనీ చిత్రాలు, డ్రాయింగ్‌లు ఏళ్ల తరబడి సేకరించారు. 1976లో ఆ సేకరణతో మ్యూజియం ట్రస్ట్ పెట్టారు. వాళ్లు ఆగి చూడకపోతే ఎన్నో పోయేవి.

క్యూరేటర్ ప్రతి బొమ్మకీ ఒక నంబర్ వేసి, ఎవరు గీశారు, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎక్కడ మరక ఉంది, అన్నీ రాసిపెడతాడు. బొమ్మ దగ్గర పెన్ను వాడడు, పెన్సిల్ ఒక్కటే. ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చిందనే చరిత్రే లేకపోతే బొమ్మ సగం మూగదైపోతది.

మా పటం విషయంలో నేను పోగొట్టుకున్నది అదే. అది ఎక్కడ కొన్నారు, ఏ పెళ్లికి వచ్చింది అని నానమ్మని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు ఆమె లేదు. ప్లాస్టిక్ కింద లక్ష్మీదేవి ఉంది, కథ మాత్రం లేదు.

కాబట్టి మీ ఇంట్లో పాత పటం ఉంటే మూడు పనులు చేయండి. ఎండ తగిలే గోడ నుంచి తీయండి. టేపు, ల్యామినేషన్ జోలికి పోకండి. ఫ్లాష్ ఆపేసి ఫొటో తీసి, ఇంట్లో పెద్దవాళ్లని దాని కథ అడిగి ఫోన్‌లో రికార్డ్ చేయండి. మూడోది ఈరోజే చేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.