సేవ చేయువారికి విరామము

మంచము పట్టిన తల్లికిగాని, బుద్ధిమాంద్యముగల నలుబదియేండ్ల కుమారునికిగాని ఇంటిలో పరిచర్య చేయువారు తరచుగా ఒక్కరే యుందురు: కోడలో, కూతురో, వయసు మీరిన భార్యయో. రోగికి మందులు, పథ్యము, వైద్యుడు కలరు. ఆమెకు నిద్రయే లేదు. కొన్ని గంటలో, కొన్ని దినములో ఆ భారమును ఇతరులు వహించి ఆమెకు తెరపి కల్పించు ఏర్పాటును రెస్పైట్ కేర్ అందురు. తెలుగున విరామసేవ యనవచ్చును.

శిక్షణ పొందిన పరిచారిక ఇంటికే వచ్చుట, పగటివేళ రోగిని సంరక్షణ కేంద్రమున నుంచుట, వారమో పదిదినములో వసతి గృహమున చేర్చుట అని ఇది మూడు తీరులు. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహువిధ వైకల్యములు గలవారికై వెలసిన 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము విరామసేవను పేరెత్తి ప్రోత్సహించినది. చట్టమున కనబడినంత సులభముగా ఊరిలో దొరకదనుట వేరుమాట. వార్ధక్యమున వచ్చు డిమెన్షియా యను మతిమరపు వ్యాధి ఆ చట్టపు జాబితాలో లేదు. ఆ రోగుల కుటుంబములకై 1992లో అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడినది.

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఇందొక ప్రత్యేకమైన చిక్కు కలదు. మతిమరపు ముదిరినకొలది, తరువాత నేర్చిన భాష ముందుగా సడలుటయు, చిన్ననాటి భాష నిలుచుటయు పలువురియందు కనబడును. జీవితమంతయు చెన్నపురి అంగడిలో తమిళము మాటలాడిన వృద్ధుడు తుదకు తెలుగుననే దాహమడుగును. పరిచారికకు ఆ మాట తెలియనిచో, ఆమె యెంత నేర్పరియైనను, అతనిని మొండివాడని తలచును. ఆ తెలుగైనను గ్రంథములలోనిది కాదు. హోసూరు, కోలారు, పర్లాకిమిడి ఇండ్లలోని తెలుగు. కావున రోగిని అప్పగించునపుడు మందుల పట్టికతోబాటు, నీటికి, అన్నమునకు, మూత్రమునకు, నొప్పికి అతడు వాడు మాటలను పరిచారిక చదువగల లిపిలో వ్రాసి యియ్యవలెను. అతడు ఏ పిలుపునకు పలుకునో అదియు చేర్చవలెను.

కన్నవారిని పరులకు అప్పగించిరన్న నిందకు జంకి పలువురు ఈ సేవను కోరరు. సేవచేయు కోడలే ఆసుపత్రి పాలైన పిదప వెదకుట మొదలగును. అప్పటికి మంచిచెడ్డలు చూచుకొను వ్యవధి యుండదు. ఆమె ఆరోగ్యముగా నున్నపుడే ఒక పూటతో ఆరంభించినచో రోగికిని కొత్త ముఖము అలవాటగును.

తెలుగు సంఘములకు పలుచోట్ల సొంత మందిరములు కలవు. పెండ్లిండ్లకు, ఉగాదికి తెరచు ఆ మందిరమున వారమున కొక మధ్యాహ్నము, తెలుగు తెలిసిన శిక్షిత పరిచారిక నొకతెను నియమించి నలుగురు వృద్ధులను చేర్చుకొన్నచో, ఆ పూట నాలుగిండ్లలో నలుగురు స్త్రీలు నిద్రపోగలరు.