ఇరువది యైదవ వంతు మోటారు కారు

1959వ సంవత్సరమున అమెరికాలో తయారైన కాడిలాక్ కారు పొడవు 225 అంగుళములు. అనగా పందొమ్మిది అడుగులకు మూడంగుళములు తక్కువ. దీనిని ఇరువది యైదుతో భాగించినచో సరిగా తొమ్మిది అంగుళములు వచ్చును. మన పాత పట్టణములలోని ఒక సందును పూర్తిగా మూసివేయగల ఆ వాహనము ఈ భాగహారముతో పుస్తకముల బీరువాలో ఒక అరమీద ఇమిడిపోవును. వెనుక చేపతోకవలె పైకి లేచిన రెక్కలు, ఆ రెక్కల నడుమ తూటాలవంటి జంట ఎఱ్ఱదీపములు, ముందు వెండి పలువరుసవంటి జల్లెడ, అన్నియు ఆ తొమ్మిది అంగుళములలోనే ఉండును. అయితే అది బీరువాలోనికి తనంతట తాను రాదు. అట్టపెట్టెలో సుమారు నూరు తునకలుగా వచ్చును. కూర్చుకొనవలసినవాడు కొన్నవాడే.

ఇది పిల్లల ఆట అని తేలికగా తీసివేయువారు కలరు. ఆట అనుటలో తప్పు లేదు. కాని ఆ పెట్టె మూత తీసి, కత్తియు జిగురును దగ్గర పెట్టుకొని కూర్చుండువారిలో నేడు నెరసిన తలలవారు చాలమంది. బాల్యమున తండ్రి కొన్న కారును, లేదా కొనలేకపోయిన కారును, వారు అరువదియేండ్ల అనంతరము తమ బల్లమీద నిర్మించుకొనుచున్నారు. ఈ రెండవ తెగవారే ఎక్కువ యని నా ఊహ.

ఈ పరిశ్రమ బొమ్మల అంగడిలో పుట్టలేదు. కార్ల అంగడిలో పుట్టినది. 1948లో డిట్రాయిట్ నగరమున వెస్ట్ గాలోగ్లీ అను న్యాయవాది ఒక చిన్న కంపెనీని స్థాపించి, ఫోర్డు కారుకు అల్యూమినియముతో ఒక బుల్లి ప్రతిరూపమును చేయించెను. కంపెనీ పేరు అల్యూమినియమ్ మోడల్ టాయ్స్. తరువాత పొడి అక్షరములతో ఏఎమ్‌టీ యని ప్రసిద్ధమయ్యెను. అల్యూమినియము త్వరలోనే పోయి ప్లాస్టిక్కు వచ్చినది గాని పేరు మాత్రము నిలిచినది. ఈ ప్రతిరూపములు కార్ల విక్రేతల కొఱకు ఉద్దేశించినవి. కొత్త కారును చూడవచ్చిన గృహస్థునకు దాని రంగులోనే ఉన్న బుల్లికారును చూపుదురు. వెంట వచ్చిన పిల్లవాని చేతిలో పెట్టుదురు. ఇంటికి పోయిన తరువాత ఆ పిల్లవాడు తండ్రిని నిద్రపోనిచ్చునా? వర్తకుల యుక్తి అది.

కొత్త కారు అంగడిలోనికి వచ్చునాటికి బుల్లికారును సిద్ధముగా ఉండవలెను. అందుచే కార్ల కంపెనీలు ఎవరికిని చూపని తమ పటములను బొమ్మల కంపెనీలకు ముందుగానే ఈయవలసి వచ్చెను. ఏఎమ్‌టీ, దాని పోటీదారైన జోహాన్, 1963లో ఏఎమ్‌టీనుండి విడివడినవారు పెట్టిన ఎమ్‌పీసీ, మూడును డిట్రాయిట్ పరిసరములలోనే ఉండుటకు ఈ ఇరుగుపొరుగు లావాదేవీ ఒక కారణము కావచ్చును. కాలిఫోర్నియాలో రెవెల్ వారును, షికాగోలో మోనోగ్రామ్ వారును వేరు దారులలో నడచిరి.

1958లో ఏఎమ్‌టీ వారు అటువంటి కార్లనే కూర్చి ఇచ్చుటకు మారుగా విడి తునకలుగా పెట్టెలో పెట్టి అమ్మ మొదలిడిరి. ఒకే పెట్టెతో మూడు విధములుగా కూర్చుకొనవచ్చునని వారి ప్రకటన. కంపెనీ విడుదల చేసినట్లే చేసికొనవచ్చును. సొంత పోకడలతో వన్నెచిన్నెలు మార్చుకొనవచ్చును. పందెపు కారుగా దిద్దుకొనవచ్చును. వ్యాపారమునకు పుట్టిన ఊహయే గాని దీని ఫలితము వ్యాపారమును దాటినది. తండ్రి కారును ముట్టుకొనుటకైన అనుమతి లేని పండ్రెండేండ్ల బాలుడు, ఇంజను ఎక్కడ కూర్చుండునో, ఇరుసును చట్రముతో కలుపునది ఏదో, తన చేతులతో తెలిసికొనెను. మిగిలిపోయిన తునకలను డబ్బాలో దాచి మరుసటి కారుకు వాడుకొనెను.

చిన్న నమూనాకును పెద్ద కారుకును గల చుట్టరికము అంతకు ముందటిది. జనరల్ మోటార్సులోని ఫిషర్ బాడీ శాఖవారు 1930నుండి 1968వరకు బాలురకు నమూనాల పోటీలు నడపిరి. మొదట నెపోలియను కాలపు గుఱ్ఱపు బండి నమూనాను చేయుమనిరి. తరువాత ఎవరికి వారు ఊహించిన కారును చెక్కి పంపుమనిరి. గెలిచినవారికి కళాశాల చదువునకు విద్యార్థివేతనములు. 1947లో ఆ బహుమానమందిన చక్ జోర్డాన్ అను యువకుడు తరువాత జనరల్ మోటార్సులోనే చేరి, 1986నుండి 1992వరకు ఆ సంస్థ రూపకల్పన విభాగమునకు ఉపాధ్యక్షుడుగా ఉండెను. బొమ్మ చేసిన చేయియే కారును చేసినది.

కారును పెట్టెలోనుండి తీసి బిగించుట మన దేశమునకును కొత్త కాదు. 1928నుండి 1954వరకు బొంబాయి శివ్డీలో జనరల్ మోటార్సు వారు షెవ్రొలే కార్లను బిగించిరి. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో కుర్లాలో ప్రీమియర్ వారు డాడ్జి, ప్లిమత్ కార్లతో పని ప్రారంభించిరి. భాగములు అమెరికానుండి సముద్రముమీద వచ్చుచుండెను. మన జమీందారుల లోగిళ్ళలోను, సినిమావారి వాకిళ్ళలోను నిలిచిన ఆ పెద్ద కార్లలో కొన్నియైనను అటువంటి పెట్టెలనుండి వెలువడినవే. అవి మాత్రము ఇరువది యైదు రెట్లు పెద్ద పెట్టెలు.

ఇక బల్లమీద జరుగు పనిని చూడుడు. పెట్టె తెరచినంతనే కానవచ్చునది కారు కాదు, చెట్టు. స్టైరీను అను ప్లాస్టిక్కును కరగించి గొప్ప ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి చిమ్ముదురు. అది పారిన కాలువలు కొమ్మలవలె గట్టిపడి, వాటికి తలుపులు, ఆసనములు, ఇంజను ముక్కలు కాయలవలె వ్రేలాడుచుండును. అద్దములకు వేరుగా పారదర్శకమైన చెట్టు. బంపర్లకు వెండివలె మెరయు చెట్టు. గాలి తీసివేసిన గదిలో అల్యూమినియమును ఆవిరి చేసి ఆ మెరుపును పట్టించుదురు. టైర్లు మెత్తని నల్లని పదార్థముతో చేసినవి.

మొదటి పని కడుగుట. అచ్చునుండి సులభముగా ఊడివచ్చుటకు పూసిన జిడ్డు ఉన్నచో రంగు అంటదు గనుక సబ్బునీటితో కడిగి ఆరవేయుదురు. రెండవ పని గీకుట. అచ్చు పలకలు కలిసినచోట సన్నని గీత మిగులును. అసలు కారుకు ఆ గీత లేదు. దానిని కత్తి వీపుతో గీకి, గరుకు కాగితముతో నీరు చల్లుచు రుద్ది మాపవలెను. తొందరపడినవాని కారును చేయి తిరిగినవారు ఆమడ దూరమునుండి గుర్తింతురు. ఆ గీత రంగు క్రిందినుండియు తొంగి చూచును.

అతుకుటకు వాడునది జిగురని పేరే గాని జిగురు కాదు, ద్రావకము. రెండు అంచులను కరగించి ఒకటిలోనికి ఒకటి పారించును. మన కొండపల్లి బొమ్మలవారు తెల్ల పొణికి కఱ్ఱతో అంగములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. అక్కడ మక్కు సందును నింపును. ఇక్కడ సందే కరగిపోవును. కొండపల్లిలో తప్పు దొరలినచో మరికొంత మక్కు పెట్టవచ్చును. ఇక్కడ ఒక బొట్టు పైకప్పుమీద పడినచో వ్రేలిముద్ర శాశ్వతముగా నిలుచును. ఈ ద్రావకమునకు మరొక చరిత్ర కలదు. 1960లలో దీనిని మత్తుకొఱకు పీల్చు కుఱ్ఱవాండ్రు బయలుదేరగా అమెరికా అంతట గగ్గోలు పుట్టెను. ఆ దశకము చివర టెస్టర్స్ కంపెనీవారు తమ జిగురులో ఆవతైలపు ఘాటును కలిపిరి. పీల్చినవాని ముక్కుపుటములు అదరవలెనని వారి ఉద్దేశము. ఆవకాయ జాడీపై వంగి చూచిన తెలుగువారికి ఆ శిక్ష ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

రంగు దగ్గర లెక్క మరింత సున్నితమైనది. కారు ఇరువది యైదవ వంతునకు తగ్గినది గాని రంగు పూత తగ్గలేదు. నాలుగు పూతలు దట్టముగా పడెనా, తలుపు అంచు గీత పూడిపోవును; అది తలుపు వలె గాక గోడమీద గీసిన తలుపు బొమ్మవలె కనబడును. అసలు కారుపై మిలమిలలాడు లోహపు రజను ఈ నమూనాపై ఇసుక రేణువువలె కంటిలో పడును. కావున పలుచగా చల్లి, ఆరనిచ్చి, నీటితో రుద్ది, మరల చల్లుదురు. కిటికీల చుట్టునున్న వెండి అంచులకు రంగు పనికిరాదు. ఈగరెక్కవంటి లోహపు రేకును అంటించి, పండ్లు కుట్టుకొను పుల్లతో అదిమి, కత్తి మొనతో అదనపు రేకును కోసి తీయుదురు. ఆ కోతలో ఊపిరి బిగపట్టనివాడు లేడు.

నాకు అన్నిటికంటె ఇంపైన పని ఇంజనుకు తీగలు బిగించుట. 1957 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్ పొడవు 200 అంగుళములు, నమూనాలో ఎనిమిది. దాని ఎనిమిది సిలిండర్ల ఇంజను నమూనాలో రెండు అగ్గిపెట్టెలంత కూడ ఉండదు. పెట్టెలో తీగలు రావు. శ్రద్ధ గలవారు దారమంత తీగలను తెచ్చి, డిస్ట్రిబ్యూటరుకు సన్నని సూదితో రంధ్రములు పొడిచి, ఒక్కొక్క స్పార్కుప్లగ్గునకు ఒక్కొక్క తీగను నడపుదురు. ఎటుపడిన అటు కాదు. ఆ ఇంజనులో నిప్పు రగులు వరుస 1, 8, 4, 3, 6, 5, 7, 2, ఆ వరుసలోనే. బానెట్ మూసిన తరువాత చూచువా రుండరు. అయినను వరుస తప్పినచో అసలు ఇంజను సరిగా నడువదు గనుక ఇదియు నడువదని వారి లెక్క.

ఇంత శ్రద్ధతో వారు కాపాడుచున్న కార్లు, కాపాడవలెనని చేసినవి కావు. ఏటేట కారు రూపును మార్చి, పోయిన యేటి కారు పొరుగింటి కొత్త కారు ముందు చిన్నబోవునట్లు చేయుట 1920లనుండి జనరల్ మోటార్సు అధినేత ఆల్ఫ్రెడ్ స్లోన్ పాటించిన నీతి. ఆయన క్రింద రూపశిల్పి హార్లే ఎర్ల్ దానిని ఒక కళగా చేసెను. లాక్‌హీడ్ పీ-38 యుద్ధవిమానపు తోకను చూచి 1948లో కాడిలాక్‌కు మొలపించిన రెక్కలు 1959లో ఆకాశమునంటి, ఆ మీద ఏటేట క్రుంగిపోయెను. బుల్లికార్ల అచ్చులకును అదే గతి పట్టినది. ఉక్కులో కొత్త అచ్చు కోయుట మిక్కిలి ఖర్చుతో కూడినది గనుక, తరచుగా ఒక యేటి అచ్చునే చెక్కి, పూడ్చి మరుసటి యేటి కారుగా మార్చిరి. అంతటితో మొదటి కారు మరల పుట్టదు. పెట్టె విప్పకుండ ఏ అటకమీదనో మిగిలినవే దిక్కు. అందుచేతనే కొన్ని పాత పెట్టెలకు ఈనాడు నమ్మరాని ధర పలుకును. చేతనైనవారు మిగిలిన ఒక్క నమూనామీద రబ్బరు అచ్చు తీసి రెజిన్‌తో పోతపోయుచున్నారు. ఏఎమ్‌టీ పేరు 1978లో ఒకరికి, తరువాత మరొకరికి చేతులు మారి, నేడు రౌండ్ టూ అను సంస్థ ఆధీనమున ఉన్నది. వారు పాత పెట్టెలను మరల వెలువరించుచు, పోయిన అచ్చులలో కొన్నిటిని కొత్తగా కోయించుచున్నారు.

ఇందుకు విరుద్ధముగా కారు పోయి బొమ్మ నిలిచిన కథ క్రైస్లర్ వారి టర్బైన్ కారుది. విమానములవలె టర్బైనుతో నడచు ఈ కారుకు ఇటలీలోని టూరిన్ నగరమున ఘియా వారు ఒడలు చేసి పంపగా, ప్రయోగమునకు చేసిన అయిదింటితో కలిపి మొత్తము 55 కార్లు తయారయ్యెను. 1963నుండి 1966వరకు 203 మంది సామాన్యులకు మూడేసి నెలలు వాటిని అద్దె లేకుండ ఇచ్చి నడపించిరి. కిరసనాయిలుతోను నడచెను, మెక్సికో అధ్యక్షుని ముందు ఆ దేశపు టెకీలా సారాతో సయితము నడచి చూపెను. కాని ప్రయోగము ముగిసిన పిమ్మట కంపెనీవారు 46 కార్లను ధ్వంసము చేయించిరి. తొమ్మిది మిగిలినవి. నడపినవారిలో ఒక్కరికైనను కొనుక్కొను అవకాశము దొరకలేదు. కాగితముమీద ఎన్ని కారణములున్నను, బాగుగా నడచుచున్న కారును తుక్కు చేయుటను చూచి ఏ పనివాని మనస్సు చివుక్కుమనకుండును?

ఆ కారుకు జోహాన్ వారు చేసిన కిట్టు మాత్రము నలువైపుల వ్యాపించినది. తరువాతి కాలమునను మరల వెలువడినది. అందులో టర్బైను ఇంజను భాగభాగముగా కలదు. లోపలి ఆసనముల నడుమ నిడుపుగా సాగిన గొట్టమువంటి అలంకారమును కలదు. అమెరికాలో అసలు కారును నడపినవారి సంఖ్యకంటె ఈ కారును కూర్చినవారి సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ.

దానిని కూర్చువారికి చిక్కంతయు రంగుతోనే. ప్రజలకిచ్చిన 50 కార్లకును ఒకే రంగు వేసిరి: టర్బైన్ బ్రాంజి యని పేరు పెట్టిన ఎఱ్ఱకంచు వన్నె. పాత ఫొటోలలో అది ఒకచోట ఇటుకవలె, ఒకచోట రాగి చెంబువలె కనబడును. అందుచే కొందరు మూడు నాలుగు పాళ్ళలో రంగులు కలిపి, ప్లాస్టిక్కు చెంచాల వీపులమీద ఒక్కొక్క పూత చల్లి ఆరబెట్టుకొని, చెంచాల పిడులమీద పాళ్ళు వ్రాసికొందురు. మిగిలిన తొమ్మిదింటిలో ఒకటి డిట్రాయిట్ చెంతనున్న డియర్‌బార్న్‌లో హెన్రీ ఫోర్డు మ్యూజియమునను, మరొకటి సెయింట్ లూయిస్ నగరపు రవాణా మ్యూజియమునను ఉన్నవి. సెయింట్ లూయిస్ కారు ఇప్పటికిని నడచును. అక్కడికి పోగలిగినవారు చెంచాలను జేబులో వేసికొని పోయి, త్రాడు ఇవతల నిలిచి, ఒక్కొక్కదానినే ఆ కారు ఒంటికి ఎదురుగా ఎత్తి పట్టి చూచుకొనవచ్చును.