బడి పిలుపు అందని తల్లిదండ్రులు

2025 జూలై 10న శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జరిగిన మెగా తల్లిదండ్రులు–ఉపాధ్యాయుల సమావేశానికి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, విద్యాశాఖ మంత్రి లోకేశ్ హాజరయ్యారు. బిడ్డ చదువులో కన్నవారికి భాగముందని ప్రభుత్వం గుర్తించడం ఆహ్వానించదగినదే. అయితే ఇటువంటి సమావేశాలకు రాలేని తల్లిదండ్రులు ఎవరన్నదే అసలు ప్రశ్న. అది కుల ప్రశ్న కూడా.

వాన తప్పితే ఈ కరువు సీమలో వేరుశనగ ఎండుతుంది. భూమిలేని దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలు పనికోసం బెంగళూరు బాట పడతాయి. పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగిలిపోతారు. ఊళ్లో ఉన్న కూలి తల్లికి సైతం బడికి రావడమంటే ఒకరోజు కూలి వదులుకోవడమే. దీనికి 'తల్లిదండ్రుల నిర్లక్ష్యం' అని పేరు పెట్టడం అన్యాయం.

తన తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి ఉపాధ్యాయుడు గౌరవంగా మాట్లాడితే, ఆ పిల్ల తరగతిలో ధైర్యంగా సందేహం అడుగుతుంది. ఆమెను గుమ్మం దగ్గరే నిలబెడితే అదే పిల్ల మౌనం నేర్చుకుంటుంది. ఆ మౌనాన్నే మనం మందబుద్ధిగా లెక్కగడుతున్నాం.

ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలనీ, అణగారిన, బలహీన వర్గాలకు దామాషా ప్రాతినిధ్యం ఇవ్వాలనీ 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ నిర్దేశించింది. ఆ హక్కు అమలు కావాలంటే సమావేశాలు పని వేళలు ముగిశాక, వాడల చెంతనే జరగాలి. వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు వలసలు మొదలయ్యే ముందే తెరవాలి. ఏడాదికొక పండుగతో తీరే బాధ్యత కాదిది.