ఐదు చేపలు.. మూడు లక్షల డాలర్లు!
ఎర ఎంపికలోనే సగం గెలుపు.. ‘బాస్‌మాస్టర్ క్లాసిక్’ వ్యూహాలు ఉద్యోగార్థులకూ పనికొస్తాయి

1971 అక్టోబరులో అమెరికాలో 24 మంది పోటీదారుల్ని విమానం ఎక్కించారు. ఎక్కడికెళ్తున్నారో చెప్పలేదు. విమానం గాల్లోకి లేచాక గానీ అసలు సంగతి బయటపెట్టలేదు: నెవాడాలోని లేక్ మీడ్! అది ‘బాస్‌మాస్టర్ క్లాసిక్’ మొదటి పోటీ. వెంట తెచ్చుకునే గాలాలు, ఎరలు అన్నీ కలిపి పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు దాటకూడదు. నీటి లోతు తెలియదు, తేటగా ఉంటుందో మడ్డిగా ఉంటుందో తెలియదు. మరి పెట్టెలో ఏం సర్దుకోవాలి? సిలబస్ చెప్పకుండా పరీక్షకు రమ్మన్నట్టే కదా. ఆ పోటీలో బాబీ మర్రే గెలిచి పది వేల డాలర్లు పట్టుకెళ్లాడు.

ఇప్పుడు క్లాసిక్ విజేతకు దక్కేది మూడు లక్షల డాలర్లు. బాస్ అనేది మంచినీటి చేప. వేటాడి తింటుంది, గాలానికి చిక్కితే గట్టిగా పోరాడుతుంది. పోటీ మూడు రోజులు. రోజుకు ఐదు చేపల బరువే లెక్క. ఆరోది పెద్దది దొరికితే, పడవలోని నీటి తొట్టెలో ఉన్నవాటిలో చిన్నదాన్ని వదిలేసి దీన్ని వేసుకోవచ్చు. రెజ్యూమెలో పది మామూలు ప్రాజెక్టులు రాసేవాళ్లు ఈ నిబంధన ఒకసారి గుర్తు తెచ్చుకోవచ్చు! బతికున్న ఎర వాడకూడదు, అంతా కృత్రిమమే. చేప చచ్చిపోతే బరువులో కోత. తూకానికి ఆలస్యంగా వస్తే నిమిషానికో పౌండు పోతుంది, 15 నిమిషాలు దాటితే ఆ రోజు పట్టిందంతా వృథా. అంటే ఇదీ నెగెటివ్ మార్కింగ్ ఉన్న పరీక్షే.

ఎర ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది రంగు కాదు, నీటి ఉష్ణోగ్రత. కొత్తవాళ్లు దుకాణంలో మెరిసేదాన్ని చూసి పడిపోతారు. అనుభవం ఉన్నవాళ్లు మాత్రం ‘చేప ఇప్పుడు ఎంత లోతులో ఉంది, ఏం తింటోంది’ అని అడుగుతారు. బాగా చలిగా ఉన్నప్పుడు బాస్ బద్ధకంగా ఉంటుంది, నెమ్మదిగా కదిలే జిగ్ వేయాలి. వసంతంలో నీళ్లు వేడెక్కేకొద్దీ గుడ్లు పెట్టడానికి ఒడ్డు వైపు కదులుతుంది. అప్పుడు క్రాంక్‌బెయిట్ పనికొస్తుంది. దీని మూతి దగ్గర చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. ఆ పలక పొడవు, వాలును బట్టే ఎర ఎంత లోతుకు దిగుతుందో తేలుతుంది. మడ్డి నీళ్లయితే చేప కంటితో కంటే ప్రకంపనలతో ఎక్కువ పసిగడుతుంది. అందుకే రేకులు గిర్రున తిరిగే స్పిన్నర్‌బెయిట్ వేస్తారు. నీటిపైన నాచు దట్టంగా కప్పేస్తే రబ్బరు కప్ప. మన చెరువుల్లో కొర్రమీనును పట్టే కుర్రాళ్లకు ఈ కప్ప సంగతి చెప్పక్కర్లేదు, వాళ్ల దగ్గర రెండు మూడైనా ఉంటాయి.

ఇక వ్యూహం. 2014లో పోటీ అలబామాలోని లేక్ గంటర్స్‌విల్‌లో జరిగింది, ఫిబ్రవరి నెల. రెండో రోజు ముగిసేసరికి రాండీ హోవెల్ 11వ స్థానంలో ఉన్నాడు. మొదటి స్థానానికి దాదాపు తొమ్మిది పౌండ్లు వెనక. ఆఖరి రోజు పొద్దున ముందు అనుకున్న చోటికి వెళ్లకుండా పడవను స్ప్రింగ్ క్రీక్ వంతెన వైపు తిప్పాడు. వంతెన కట్ట పొడవునా పేర్చిన రాళ్ల దగ్గరికి చేపలు చేరుతున్నాయి. ఆరడుగుల వరకూ దిగే క్రాంక్‌బెయిట్‌ను ఆ రాళ్ల వెంబడి లాగాడు. ఆ ఒక్కరోజే ఐదు చేపలు కలిపి 29 పౌండ్ల 2 ఔన్సులు, అంటే 13 కిలోల పైమాటే. మొత్తం 67 పౌండ్ల 8 ఔన్సులతో టైటిల్ గెలిచాడు.

దీన్ని అదృష్టం అనేస్తే తేలికే. కానీ ఆ చెరువు అతను నివసించే రాష్ట్రంలోదే. రోజు గడిచేకొద్దీ చేప ఎటు కదులుతుందో ఊహించగలిగేంత పరిచయం ఉంది. ఇంటర్వ్యూలో ‘ప్లాన్ ఎందుకు మార్చావు?’ అని అడిగితే చెప్పడానికి కారణం ఉండాలి కదా, అలాంటి మార్పు ఇది.

నన్నడిగితే అంతకంటే గొప్ప పాఠం కెవిన్ వాన్‌డామ్‌ది. క్లాసిక్‌ను నాలుగుసార్లు గెలిచాడు. 2005లో పిట్స్‌బర్గ్ నదుల్లో పెద్ద చేపలు దొరకడమే గగనం. మూడు రోజులకీ కలిపి 12 పౌండ్ల 15 ఔన్సులే తెచ్చాడు, ఆరు ఔన్సుల తేడాతో గెలిచాడు. 2011లో లూసియానా చిత్తడినేలల్లో అదే మనిషి 69 పౌండ్ల 11 ఔన్సులు తూచాడు. అక్కడ నీళ్ల నిండా మొద్దులు. చదరపు మూతి క్రాంక్‌బెయిట్‌ను వాటికేసి తగిలేలా లాగాడు. ఆ మూతి మొద్దుకు తగిలి పక్కకు ఎగురుతుంది, గాలం ఇరుక్కోదు. బెదిరి పారిపోతున్న చిన్న చేప అనుకుని బాస్ దూకుతుంది. పిట్స్‌బర్గ్‌లో ఆయన 69 పౌండ్ల కోసం వెతికి ఉంటే ఖాళీ తొట్టెతో తిరిగొచ్చేవాడు.

మూడు లక్షల డాలర్లు చూసి మురిసిపోకండి. పోటీలకు వేల డాలర్ల ఎంట్రీ ఫీజు సొంతంగా కట్టుకోవాలి, పడవ, ఇంధనం ఖర్చులు వేరే. చాలామందిని నిలబెట్టేది స్పాన్సర్లే. అందుకే మాట్లాడటం, వీడియోలు చేయడం, కంపెనీకి తన విలువ చెప్పుకోవడం కూడా వృత్తిలో భాగమైపోయాయి. అక్కడ కాలేజీ జట్లకూ పోటీలున్నాయి. వాటి నుంచి క్లాసిక్‌కు చేరే దారి కూడా ఉంది.

ఈసీఈ వాళ్లకు ఇంకో ఆసక్తికరమైన సంగతి. పడవ ముందు ఈదుతున్న చేపను తెరపై అప్పటికప్పుడు చూపించే సోనార్ వచ్చాక ఆటే మారిపోయింది. గార్మిన్ సంస్థ 2018లో ‘లైవ్‌స్కోప్’ తెచ్చింది. చేపను చూస్తూ దాని ముక్కు ముందే ఎర వేయడం ఇంకేం ఆట అని పాతతరం గొడవ. చివరికి నిర్వాహకులు దీని వాడకానికి పరిమితులు పెట్టాల్సి వచ్చింది. లోపల ఉన్నదంతా మీరు తరగతిలో చదివే సిగ్నల్ ప్రాసెసింగే: ధ్వని తరంగం వెళ్లి, చేపకు తగిలి, తిరిగొచ్చిన సమయాన్ని బొమ్మగా మార్చడం.