భర్మారు తుపాకి కడిగే పాలేరుకు

తెలంగాణా పోరాటంలో (1946-51) మన పల్లెలు పట్టిన భర్మారు తుపాకికి, పంట కాపలా కోసమైతే 1959 ఆయుధాల చట్టం లైసెన్సు ఇస్తుంది. లైసెన్సు ఆసామిది, మసి తుడిచే చెయ్యి మాత్రం పాలేరుది! అందుకే మేం చెప్పేది వినండి.

ముందు కేపు తీసెయ్యాలి. గొట్టం ఖాళీగా ఉన్న రోజున గజం అడుగుదాకా దించి, మూతి దగ్గర గజానికి గీత పెట్టుకోవాలి. మరెప్పుడు దించినా ఆ గీత మూతికి పైన ఆగిపోతే లోపల మందున్నట్టే. ముట్టుకోవద్దు, మూతికెదురు నిలబడొద్దు. బీడీ ఆమడ దూరం.

మందు మసి చెమ్మ పీల్చి ఇనుమును తినేస్తుంది. కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరాక మిషన్ నూనె పూయాలి. తుప్పు తిన్న గొట్టం పగిలితే పోయేది ఎవరి వేళ్లు?

మందు కూరిన తుపాకి కడగమంటే, ఖాళీ చేసి ఇమ్మని అడగండి. మేం తోడొస్తాం.