గిటార్ పికప్‌కు మళ్లీ అయస్కాంత బలం ఎక్కించాలంటే

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద ఉండే పికప్‌లో ఉన్నది చాలా తక్కువ సరంజామా. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌నే తీసుకుంటే, ఒక్కో పికప్‌లో ఆరు అయస్కాంత కడ్డీలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. మీటిన ఉక్కు తీగ కడ్డీల అయస్కాంత క్షేత్రాన్ని కదిలిస్తుంది, ఆ కదలికకు రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే చూపిన సూత్రం ఇదే. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గమకాలను వేదిక మీది స్పీకర్ల దాకా చేర్చిన ఎలక్ట్రిక్ మాండలిన్ కూడా ఈ సూత్రం మీదే పలుకుతుంది.

ఆ కడ్డీలు ఎక్కువగా ఆల్నికోతో చేస్తారు. ఇనుములో అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం అది. దానికి అయస్కాంత శక్తి తేలిగ్గా ఎక్కుతుంది, అంతే తేలిగ్గా పోతుంది కూడా. ఏళ్లు గడిచినంత మాత్రాన పెద్దగా తగ్గదు. మరో బలమైన అయస్కాంతం సజాతి ధ్రువం ఆనుకుంటేనో, రెండు విడి పికప్‌లను ఒకదాన్నొకటి వికర్షించేలా అదిమి ఒకే డబ్బాలో దాచితేనో బలహీనపడుతుంది.

అందుకే శబ్దం తగ్గిందనగానే అయస్కాంతాన్ని అనుమానించకండి. పికప్ తీగలకు మరీ దిగువన ఉందేమో, టంకం ఊడిందేమో ముందు చూడండి. మల్టీమీటర్ పెడితే స్ట్రాటోకాస్టర్ తరహా పికప్ సాధారణంగా 5 నుంచి 7 కిలో ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. అసలేమీ చూపకపోతే రాగి తీగ తెగినట్టే, అయస్కాంతంతో అది బాగుపడదు.

కడ్డీలే బలహీనపడ్డాయని తేలాక పని మొదలవుతుంది. కావలసినవి రెండు నియోడిమియం అయస్కాంత దిమ్మలు, బల్లకు బిగించిన ఒక వైస్, కొన్ని చెక్క ముక్కలు, ఒక దిక్సూచి.

మొదటి పని దిక్సూచితో. పికప్ పైముఖం ఉత్తర ధ్రువమో దక్షిణ ధ్రువమో చూసి కాగితం మీద రాసుకోండి. సూది ఉత్తరపు మొన ఏ వైపుకు లాగుతుందో అది దక్షిణ ధ్రువం. ఈ ఒక్క అడుగు దాటేస్తే తర్వాత చేసినదంతా వృథా. ఎందుకంటే చాలా గిటార్లలో మధ్య పికప్‌ను మిగతా రెండింటికి వ్యతిరేక ధ్రువంతో, వ్యతిరేక చుట్టుతో చేస్తారు, రెండు కలిపి వాయించినప్పుడు హమ్ శబ్దం పోవడానికి. దాని ధ్రువం తారుమారైతే పక్క పికప్‌తో కలిపి వాయించినప్పుడు నాదం పలచబడి, మంద్రం మాయమవుతుంది. చూడడం అవగానే దిక్సూచిని దూరంగా పెట్టేయండి. నియోడిమియం దగ్గరికి వస్తే సూదికే ధ్రువాలు తిరగబడి, ఆ తర్వాత అది అబద్ధం చెబుతుంది.

ఇక దిమ్మలు. అయిదు సెంటీమీటర్ల చదరపు దిమ్మ, అంగుళం మందం ఉన్నది ఉక్కును దాదాపు వంద కిలోల బలంతో పట్టుకోగలదు. అలాంటివి రెండు ఎదురుపడితే మధ్యనున్న వేలు నలిగిపోతుంది. అవి గాజులా పెళుసైనవి కనుక ఢీకొంటే పెంకులు ఎగిరి కంట్లో పడతాయి. కళ్లద్దాలు, మందపాటి చేతొడుగులు తప్పనిసరి. చేతి గడియారం, బ్యాంకు కార్డులు, ఫోన్, ఇనుప పనిముట్లు ముందే గది దాటించండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పని చేయకూడదు, పక్కన నిలబడకూడదు కూడా.

వైస్ దవడలు బాగా తెరిచి, మధ్యలో మందమైన చెక్క దిమ్మ నిలబెట్టి, ఒక్కో అయస్కాంతాన్ని ఒక్కో దవడకు అంటించండి. ఎదురెదురుగా ఉండేవి విజాతి ధ్రువాలే కావాలి. పికప్ ఎత్తు కన్నా కొంచెం ఎక్కువ ఖాళీ మిగిలేలా, అంతకన్నా దగ్గరకు రానివ్వని చెక్క ముక్కలు అడ్డుపెట్టి వైస్ బిగించండి. అయస్కాంతాల ముఖాలకు పలచని చెక్క పలక అతికించడం మంచిది. పికప్ ఒక వైపుకు లాక్కుపోయి కొట్టుకుంటే ఆ సన్నని రాగి తీగ తెగుతుంది.

పైముఖం ఉత్తరం కావాలంటే అది దిమ్మ దక్షిణ ముఖం వైపు ఉండాలి. చాలామంది తడబడేది ఇక్కడే. గిటార్ నుంచి విడదీసిన పికప్‌ను గట్టిగా పట్టుకుని, తిప్పకుండా, ఒక కొస నుంచి రెండో కొస దాకా నిదానంగా ఆ సందులోంచి దాటించండి. కడ్డీలు నిండడానికి క్షణాలు చాలు. నిండిన ఆల్నికో అంతకుమించి తీసుకోదు, పదిసార్లు దాటించినా లాభం లేదు.

రెండు చుట్టలుండే హంబకర్‌కు ఈ పద్ధతి ఉన్నదున్నట్టుగా పనికిరాదు. అందులో అయస్కాంతం కింద అడ్డంగా పడుకుని, వెడల్పు దిశలో శక్తి నింపుకుని ఉంటుంది. దాన్ని విడదీసి, ఆ దిశకు సరిపోయేలా పెట్టాలి. అనుభవం లేనివారు మరమ్మతు చేసేవారికివ్వడమే మేలు.

పని అయ్యాక దిమ్మలను లాగి విడదీయకండి, పక్కకు జరపండి. ఒక్కోదాన్ని మందమైన చెక్క పెట్టెలో విడిగా తాళం వేసి ఉంచండి. పగిలిన పెంకులూ అయస్కాంతాలే. పిల్లలు రెండు మింగితే పేగుల్లో అవి ఒకదాన్నొకటి అంటుకుని పేగుకు చిల్లు పెడతాయి. అలాంటి అనుమానం కలిగితే నొప్పి వచ్చేదాకా ఆగకుండా బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.