తాళంచెవి లేని కారు

2019 ఆగస్టులో జర్మనీలోని జోస్ట్ పట్టణంలో ఎనిమిదేండ్ల బాలుడు అర్ధరాత్రి వేళ తల్లికి తెలియకుండా ఆమె కారు తీసుకొని రహదారిపైకి వెళ్ళాడు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో నడిపిన పిదప భయపడి, కారును పక్కకు ఆపి, హెచ్చరిక దీపాలు వెలిగించాడు. అదృష్టవశాత్తు ఎవరికీ హాని కలుగలేదు. అది గేర్లు తమంతట తామే మారే కారు. విద్యుత్ కారును కదిలించడం అంతకంటె సులభం.

పూర్వపు కారు పిల్లలకు తానే కొన్ని అడ్డంకులు కల్పించేది. తాళంచెవి తిప్పాలి; క్లచ్ తొక్కి గేరు వేయాలి; ఇంజను శబ్దానికి ఇంటిల్లిపాదీ మేల్కొనేవారు. విద్యుత్ కారులో ఈ మూడూ లేవు. అనేక కార్లకు చిన్న కార్డో, సెల్‌ఫోనో తాళంచెవిగా పనిచేస్తుంది. మోటారు నిశ్శబ్దంగా ఉండుటచేత కారు సిద్ధంగా ఉన్నదని పసివారికి తెలియదు. నిలిచి ఉన్న స్థితి నుండే మోటారు పూర్తి బలం చూపుతుంది. కావున పెడల్‌పై కాలు పడితే చాలు, కారు ముందుకు దూకవచ్చు. బ్యాటరీ బొమ్మకారు నడిపిన బాలునికి ఇదీ పెద్ద బొమ్మకారుగానే తోస్తుంది.

తొలగిపోయిన అడ్డంకులను పెద్దలే తిరిగి కల్పించాలి. కారు దిగేటప్పుడు పార్కింగ్ స్థితిలో ఉంచి, మోటారును ఆపివేసి, కార్డును వెంట తీసుకొని పోవాలి. నిమిషం పనికైనా పిల్లలను కారులో ఒంటరిగా విడువరాదు. కొన్ని కార్లలో నాలుగంకెల రహస్య సంఖ్య నొక్కనిదే బండి కదలని ఏర్పాటున్నది. ఆ సంఖ్య పుట్టినతేదీ కారాదు. పిల్లల ఎదుట నొక్కరాదు. ఫోనుకు కూడా తాళం తప్పనిసరి.

ఇది చట్టం విధించిన బాధ్యత కూడా. మన దేశంలో కారు నడపడానికి 18 ఏండ్లు నిండాలి. 2019 సవరణ చట్టం ప్రకారం బాలలు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా యజమానికి మూడేండ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా విధిస్తారు. ఆ బాలునికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు లభించదు. తమకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్తలన్నీ తీసుకొన్నామనో నిరూపించుకొన్న పెద్దలకు మాత్రమే మినహాయింపు.

2024 మే 19న పుణె నగరంలో పదిహేడేండ్ల బాలుడు నడిపినట్లు అభియోగమున్న విద్యుత్ కారు ఢీకొని, ద్విచక్రవాహనంపై వెళ్తున్న ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించారు. ఏ శిక్షా ఆ ప్రాణాలను తిరిగి తేలేదు. కౌమారంలోని కుతూహలం నేరం కాదు. కార్డును దాచడంతోపాటు ఎందుకు దాచవలసి వచ్చిందో బిడ్డకు ఓర్పుతో వివరించడం తల్లిదండ్రుల కర్తవ్యం.